పొయ్యి లేని పానకం

సెలవులలో సహ్యాద్రి కొండలెక్కే మా బృందంలో ఎవ్వరమూ పొయ్యి మోయము. ఏప్రిల్, మే నెలలలో కొంకణ ప్రాంతపు కొండవాలులలో కోకం పండ్లు ఎర్రబారుతాయి. గింజలు తీసివేసి, తొక్కలను నలిపి చన్నీటిలో నానబెడితే నీరు మాణిక్యవర్ణం దాలుస్తుంది. ఇంటినుండి తెచ్చుకున్న బెల్లం, ఉప్పు, జీలకర్ర పొడి కలిపితే పానకం సిద్ధం. చెమటతో పోయిన లవణం కొంత తిరిగి చేరుతుంది.

మనవైపు చేలగట్లపై పెరిగే పులిచింతాకునూ ఇట్లే నలిపి నీటిలో కలుపుకొనవచ్చును. అయితే అందులో ఆక్సాలిక్ ఆమ్లం ఉన్నందున మూత్రపిండాలలో రాళ్ళున్నవారు దానిని మానాలి.

నిప్పు తగలని పానీయానికి జాగ్రత్త మరింత అవసరం. పులుపు క్రిములను చంపుతుందనుకోవడం భ్రమ. కనుక ముందుగా నీటిలో క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగుతాము. పండ్లరసం ముందే కలిస్తే ఆ మందు శక్తి తగ్గిపోతుంది. మొక్కను గుర్తించడంలో ఏ ఒక్కరికి సందేహం కలిగినా దానిని ముట్టము. అభయారణ్యాలలో అనుమతి లేనిదే ఆకైనా కోయము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అందుకు ఒప్పుకోదు.

ఈ వేసవిలో కొండబాట పట్టే సహోద్యోగులు నీరు, గుర్తింపు, అనుమతి అనే ఈ మూడింటినీ మరువవద్దని మా మనవి.