అటకెక్కిన ‘జిప్’ను దించాలంటే...

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వైపు వెళ్తుంటే ఇప్పుడు తలెత్తితే మెట్రో, తల దించితే ట్రాఫిక్. 2000 ప్రాంతంలోనైతే కళ్లు ముందుగా కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల బోర్డుల మీదే పడేవి. ఆ పక్క సందుల్లో డీటీపీ సెంటర్లు. శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు... అన్నీ అలాంటి చోటే పేజీలయ్యేవి. టైపు చేయడం ఒక ఎత్తు, బొమ్మలతో సహా ఆ పేజీల్ని ఫిల్మ్ తీసే చోటికి మోసుకెళ్లడం మరో ఎత్తు. ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీయే మరి!

ఆ కష్టం తీర్చినవాటిలో జిప్ డ్రైవ్ ఒకటి. అమెరికాకు చెందిన అయొమెగా సంస్థ 1995లో అమ్మకానికి తెచ్చింది. ఫ్లాపీ కన్నా కాస్త మందంగా ఉండే డిస్కులో ఏకంగా 100 ఎంబీ. తర్వాత 250, 750 ఎంబీలవీ వచ్చాయి. ఈలోగా సీడీ రైటర్లు చవకయ్యాయి, పెన్‌డ్రైవ్‌లు దిగాయి. జిప్ అటకెక్కింది. దాంతోపాటే కొన్ని పుస్తకాలూ! రెండో ముద్రణ వేద్దామనుకున్నప్పుడుగానీ ఆ డిస్కు గుర్తురాదు.

సరే, డ్రైవ్ దొరికిందనుకుందాం. యూఎస్‌బీ రకమైతే అదృష్టమే, లైనక్స్‌లో తగిలించగానే కనిపిస్తుంది. చిక్కంతా 25 పిన్నుల ప్రింటర్ పోర్టు రకంతోనే. కొత్త ల్యాప్‌టాప్‌లకు ఆ పోర్టు ఉండదు. బజార్లో దొరికే యూఎస్‌బీ-ప్రింటర్ కేబుల్ కొంటే డబ్బు దండగ. అది ప్రింటర్‌తోనే మాట్లాడుతుంది, జిప్‌ను పట్టించుకోదు. కాబట్టి పోర్టున్న పాత డెస్క్‌టాప్ కావాల్సిందే.

అందులో లైనక్స్ ఎక్కిస్తే సగం పని అయినట్టే. ఈ డ్రైవ్ కోసం రాసిన ప్రోగ్రాములు కెర్నల్‌లో భాగం. తయారుచేసిన సంస్థ చేతులు దులుపుకొన్నా, కోడ్ అందరి చేతిలో ఉంది కదా! అవి రెండు. 1998 ఆగస్టుకు ముందటి డ్రైవ్‌లకు ‘పీపీఏ’, తర్వాతివాటికి ‘ఐఎంఎం’. ఏది మనదో తెలియకపోతే కేబుల్ కొస చూడాలి. ‘ఆటోడిటెక్ట్’ అని ఉంటే రెండోది. ‘మోడ్‌ప్రోబ్’ ఆదేశంతో దాన్ని లేపాలి.

ఇక్కడే చాలామందికి తలప్రాణం తోకకొస్తుంది. డ్రైవ్ కనిపిస్తుంది, డిస్కు మాత్రం తెరుచుకోదు. మామూలుగా మొదటి పార్టిషన్‌ను వెతుకుతాం. జిప్ డిస్కుల్లో సమాచారం ఉండేది నాలుగో పార్టిషన్‌లో! ‘ఎస్‌డీఏ1’ బదులు ‘ఎస్‌డీఏ4’ అని కొడితే చాలు (మరో హార్డ్‌డిస్కు ఉంటే ‘ఎస్‌డీబీ4’ కావచ్చు). ఆ ఒక్క అంకె కోసం డిస్కు పాడైందనుకుని పారేసుకోవడం ఎంత అన్యాయం!

నిజంగా పాడయ్యే ప్రమాదమూ ఉంది. డ్రైవ్ లోపలినుంచి ‘టక్... టక్’మని ఆగకుండా వినిపిస్తే వెంటనే ఆపేయాలి. దీనికి ‘క్లిక్ ఆఫ్ డెత్’ అనే పేరే ఉంది. 1998లో అమెరికాలో ఈ సంగతి కోర్టుదాకా వెళ్లింది. చెడిన డ్రైవ్ మంచి డిస్కును చెడగొట్టగలదు, చెడిన డిస్కు మరో డ్రైవ్‌నూ చెడగొట్టగలదు. అందుకే ముందు అక్కర్లేని డిస్కు పెట్టి చూడాలి. అది సవ్యంగా చదివితేనే అసలుది పెట్టి, ‘డీడీ’ ఆదేశంతో మొత్తానికీ నకలు తీసుకోవాలి. ఆ తర్వాత పనంతా నకలు మీదే.

ఫైళ్లు వచ్చాయిగానీ తెలుగు రాలేదే! అప్పటి పేజీలు ఎక్కువగా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో చేసినవి. 2015లో వచ్చిన లిబ్రెఆఫీస్ 4.4 నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లు లైనక్స్‌లోనూ తెరుచుకుంటున్నాయి. తెరపై మాత్రం అక్షరాల బదులు పిచ్చి గీతలు, ఇంగ్లిషు ముక్కలు కనిపిస్తాయి. అను ఫాంట్లు యూనికోడ్‌వి కాకపోవడమే కారణం. మార్చిపెట్టే కన్వర్టర్లు ఉన్నాయి. అయితే వత్తులు, గుణింతాల దగ్గర తడబడే అవకాశం ఉంది. పాత అచ్చుప్రతి పక్కన పెట్టుకుని, ఇంట్లో తెలుగు బాగా వచ్చినవాళ్లెవరైనా పేజీ పేజీ సరిచూడక తప్పదు.