క్విటో పాతబస్తీలో కాలినడక

దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ దేశానికి రాజధాని క్విటో. పిచించా అగ్నిపర్వతం తూర్పు వాలు మీద, సముద్ర మట్టానికి దాదాపు 2,850 మీటర్ల ఎత్తున ఉంటుంది. అంటే ఊటీ కంటే మరో 600 మీటర్లు పైన. భూమధ్యరేఖ అక్కడికి ఉత్తరంగా సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, ఎత్తు వల్ల ఏడాది పొడవునా చల్లదనం పోదు. 1978లో యునెస్కో మొదటిసారి ప్రపంచ వారసత్వ జాబితా ప్రకటించినప్పుడు అందులో చోటు దక్కినవి పన్నెండే. పోలండ్‌లోని క్రాకోవ్‌తో పాటు క్విటో పాత నగరం కూడా వాటిలో ఉంది. లాటిన్ అమెరికాలో ఇంత తక్కువ మార్పులతో నిలిచిన పాత నగరం మరొకటి లేదని యునెస్కో మాట.

ఈ పాతబస్తీని చూడడానికి నడకే సరైన దారి. వీధులు ఇరుకు, ఎక్కుడు దిగుడులు ఎక్కువ, చూడదగినవన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి. గైడ్ వెంట మూడు గంటలు నడిస్తే ముఖ్యమైన చౌకులు, చర్చిలు చుట్టి రావచ్చు. నిర్ణీత రుసుము తీసుకునే గైడ్లు ఉన్నారు, చివర్లో ఇష్టమైనంత ఇమ్మనేవారూ ఉన్నారు. అధ్యక్షుల పేర్లు, తేదీలు అందరూ చెబుతారు. ఈ గోడలను ఎవరు లేపారో, ఈ విగ్రహాలను ఎవరు చెక్కారో కూడా చెప్పే గైడ్ దొరికితేనే నగరం నిజంగా అర్థమవుతుంది.

నడకకు ముందు నేల సంగతి తెలియాలి. పిచించా మీద నుంచి దిగిన వాగులు ఇక్కడ లోతైన గండ్లు కోశాయి. వాటి మధ్య ఇంకా సామ్రాజ్య పాలకుల పట్టణం ఉండేది. 1534లో స్పానిష్ సేనలు వస్తున్నాయని తెలిసి, ఇంకా సేనాని రుమిన్యావి ఆ పట్టణాన్ని తగలబెట్టించాడు. మరుసటి ఏడాదే అతడిని పట్టుకుని చంపారు. కాలిన పట్టణం ఉన్నచోటే 1534 డిసెంబరు 6న సెబాస్టియాన్ దె బెనల్‌కాసర్ రెండు వందల మంది స్పెయిన్ వారితో కొత్త నగరాన్ని స్థాపించాడు. తర్వాతి శతాబ్దాల్లో గండ్లకు కమానులు కట్టి, పైన మట్టి పోసి, చదరంగపు గళ్లలా తిన్నని వీధులు వేశారు. నేడు వెడల్పుగా కనిపించే 'మే 24' వీధి కింద అలా పూడ్చిన గండి ఒకటి ఉంది. నేల ఒప్పుకోని చోట కూడా గీత తిన్నగా గీయడం వల్లనే ఇక్కడి వీధులు ఒక్కసారిగా నిటారుగా లేస్తాయి.

నడక సాధారణంగా ప్లాసా గ్రాందె, అంటే పెద్ద చౌకులో మొదలవుతుంది. చౌకు నాలుగు వైపులా అధికారం కొలువుదీరింది: ఒకవైపు అధ్యక్ష భవనం, ఒకవైపు ప్రధాన చర్చి, ఒకవైపు ఆర్చ్‌బిషప్ భవనం, నాలుగో వైపు నగరపాలక సంస్థ. మధ్యలో 1906 ఆగస్టు 10న ఆవిష్కరించిన స్వాతంత్ర్య స్మారకం ఉంది. పైన స్వేచ్ఛా మూర్తి, కింద సంకెళ్లు తెంచుకున్న కాండర్ రాబందు, గాయపడి వెనుదిరిగే సింహం. ఆ సింహమే స్పెయిన్.

1809 ఆగస్టు 9 రాత్రి చౌకు పక్కనే మాన్యుయెలా కన్యిసారెస్ ఇంట్లో కొందరు కలిసి స్పానిష్ అధికారిని తొలగించాలని తీర్మానించారు. తెల్లవారేసరికి స్వదేశీ పాలకమండలి ఏర్పడింది. ఆ ప్రభుత్వం కొన్ని నెలలే నిలిచింది. నాయకులను పట్టుకుని దగ్గరలోని సైనిక బ్యారక్‌లో బంధించారు. 1810 ఆగస్టు 2న వారిని ఖైదు గదుల్లోనే చంపేశారు. ఆ బ్యారక్ ఇప్పుడు నగర సాంస్కృతిక కేంద్రంలో భాగం, నేలమాళిగలో ఆ హత్యాకాండను మైనపు బొమ్మలతో చూపిస్తారు. నిజమైన స్వేచ్ఛ 1822 మే 24న వచ్చింది. ఆ రోజు పిచించా వాలుపై ఆంతోనియో హోసె దె సూక్రె సేన స్పానిష్ సైన్యాన్ని ఓడించింది. 1830లో సూక్రెను హత్య చేశాక ఆయన అస్థికలను చాలాకాలం ఒక మఠంలో దాచారు. అవి 1900లో బయటపడ్డాయి, ఇప్పుడు ప్రధాన చర్చిలోని సమాధిలో ఉన్నాయి.

ఈ చర్చికి మరో రెండు మరణాలతో సంబంధం ఉంది. మూడోసారి అధ్యక్షుడిగా ఎన్నికైన గాబ్రియెల్ గార్సియా మొరెనోను 1875 ఆగస్టు 6న అధ్యక్ష భవనం దగ్గరే కత్తులతో పొడిచి, తుపాకులతో కాల్చారు. కొన ఊపిరితో ఉన్న ఆయనను మోసుకుని ఈ చర్చిలోకే తెచ్చారు. రెండేళ్ల తర్వాత, 1877 గుడ్ ఫ్రైడే నాడు, ఆర్చ్‌బిషప్ చెకా ఇ బార్బా పూజలోని ద్రాక్షరసంలో ఎవరో స్ట్రిక్నైన్ విషం కలిపారు. ఆయన ఆ రోజే చనిపోయారు.

గైడ్లు ఈ హత్యల కథల దగ్గర ఎక్కువసేపు ఆగుతారు. అదే చర్చిలో కాస్పికారా చెక్కిన శిల్పం దగ్గర ఆగితే ఇంకా మంచిది. ఆయన అసలు పేరు మాన్యుయెల్ చిలీ, 18వ శతాబ్దపు ఆదివాసీ శిల్పి. శిలువ దించిన క్రీస్తు దేహం చుట్టూ దుఃఖిస్తున్న ఆ మూర్తుల్లో నొప్పి ఎంత నిజంగా కనిపిస్తుందో చూస్తే, ఐరోపా నుంచి వచ్చిన పద్ధతిని ఈ నేల మనుషులు ఎలా తమది చేసుకున్నారో తెలుస్తుంది.

చౌకు నుంచి గార్సియా మొరెనో పేరిట ఉన్న వీధిలోనే నడవాలి. దారి పొడవునా ఉన్న రాతి శిలువల వల్ల పాత జనం దీన్ని ఏడు శిలువల వీధి అనేవారు. కొద్ది అడుగుల్లోనే లా కొంపన్యియా వస్తుంది. జెసూట్ సంఘం 1605లో మొదలుపెట్టిన ఈ చర్చి పూర్తవడానికి 160 ఏళ్లు పట్టింది. బూడిదరంగు అగ్నిశిలతో చెక్కిన ముఖభాగం పని 1722లో మొదలై, మధ్యలో దశాబ్దాల పాటు ఆగి, 1765లో ముగిసింది. తాడులా మెలితిరిగిన ఆ స్తంభాలను బయట నిలబడి తీరిగ్గా చూడాలి, లోపలికి వెళ్లాక ఎటు చూసినా బంగారమే. దేవదారు చెక్క మీద, సున్నపు పూత మీద అతికించిన పలుచని బంగారు రేకులు కిటికీ వెలుగుకు మెరుస్తాయి. పైకప్పు మీది రేఖాగణిత నమూనాల్లో స్పెయిన్‌కు అరబ్బుల నుంచి వచ్చిన శైలి ఉంది. ప్రవేశం దగ్గర ఒకవైపు నిజమైన మెలిక మెట్లు ఉంటే, జోడు కుదరడం కోసం రెండోవైపు గోడ మీద అలాంటి మెట్లనే రంగులతో చిత్రించారు. చర్చి పూర్తయిన రెండేళ్లకే, 1767లో, స్పెయిన్ రాజు జెసూట్లను తన రాజ్యాల నుంచి వెళ్లగొట్టాడు. 1996లో మరమ్మతులు జరుగుతుండగా మంటలు అంటుకుని లోపలి అలంకరణ కొంత దెబ్బతింది, దాన్ని ఓపికగా పునరుద్ధరించారు.

అక్కడి నుంచి ఎత్తు ఎక్కితే సాన్ ఫ్రాన్సిస్కో చౌకు. స్పెయిన్ వాళ్లు రాకముందు ఇక్కడే స్థానికుల సంత జరిగేదంటారు. ఇప్పుడు రాళ్లు పరిచిన వాలు మైదానం, దాని పై అంచున తెల్లని జంట గంటగోపురాల చర్చి, మఠం. చౌకు కింద మెట్రో రైలు స్టేషన్ ఉంది. 2023 డిసెంబరులో మొదలైన ఈ మెట్రో కోసం తవ్వినప్పుడు చౌకు కింద పాత నిర్మాణాల అవశేషాలు, మట్టిపాత్రల ముక్కలు బయటపడ్డాయి.

మఠాన్ని 1530లలో ఫ్లాండర్స్ నుంచి వచ్చిన హొదొకొ రికె అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి స్థాపించాడు. ఈ ప్రాంతంలో మొదట గోధుమ విత్తినది కూడా ఆయనే అంటారు. నిర్మాణం వందేళ్లకు పైగా సాగింది. 1550లలో ఇక్కడే ఆదివాసీ యువకుల కోసం ఒక పాఠశాల తెరిచి చదువుతో పాటు సంగీతం, చిత్రలేఖనం, వడ్రంగం, తాపీపని నేర్పారు. తర్వాతి కాలంలో 'క్విటో శైలి'గా ఖండమంతా పేరుపొందిన కళకు ఇది పునాది.

ఆ కళ రహస్యం పనితనంలో ఉంది. చెక్క మూర్తికి సుద్దపూత పూసి, ముఖానికి, చేతులకు చర్మం రంగు వేశాక గొర్రె మూత్రకోశపు పొరతో రుద్ది నిగ్గు తేల్చేవారు. చెక్కకు ఒంటి నిగనిగ వచ్చేది అలాగే. దుస్తుల మీద ముందు బంగారు లేదా వెండి రేకు అతికించి, పైన పలుచని రంగులు వేసేవారు, అడుగు నుంచి లోహం మెరిసేది. కళ్లకు గాజు అమర్చేవారు. సాన్ ఫ్రాన్సిస్కో ప్రధాన పీఠం మీద ఉన్న మేరీమాత ఈ పనితనానికి పరాకాష్ఠ. బెర్నార్దో దె లెగార్దా 1734లో దీన్ని చెక్కాడు. రెక్కలున్న ఆ తల్లి పాము తల మీద అడుగు మోపి, నాట్యంలో మలుపు తిరుగుతున్నట్టు నిలిచింది. క్రైస్తవ శిల్పంలో మేరీ నిశ్చలంగా నిలబడడమే ఆనవాయితీ, లెగార్దా ఆమెను కదిలించాడు. క్విటోలో ఒక్క శిల్పాన్నే చూసే వీలుంటే చూడాల్సింది ఇదే.

చర్చి ముందున్న రాతి అరుగు గురించి ప్రతి గైడూ ఒక కథ చెబుతాడు. కంతున్యా అనే ఆదివాసీ మేస్త్రి ఆ అరుగు కట్టే పని ఒప్పుకుని, గడువు దగ్గరపడుతున్నా పని తెమలక, తన ఆత్మను తాకట్టు పెట్టి సైతాను సాయం అడిగాడట. తెల్లవారేలోగా ఒక్క రాయి కూడా తక్కువ కాకుండా కట్టాలన్నది షరతు. చివరికి ఒక్క రాయి తక్కువైంది, కంతున్యా బతికిపోయాడు. ఆ ఖాళీ ఎక్కడుందో పిల్లలు ఇప్పటికీ వెతుకుతారు. కథ ఆహ్లాదంగానే ఉంటుంది, కానీ ఇంత గొప్ప పని మనుషుల వల్ల కాదని, సైతాను చేసిందని అది చెప్పకనే చెబుతుంది. నిజంగా కట్టిన వారి పేర్లు పూర్తిగా చెరిగిపోలేదు. జోర్జె దె లా క్రూస్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్కో మొరొచో అనే ఆదివాసీ మేస్త్రీలు ఈ చర్చి పనిలో ఉన్నట్టు పాత పత్రాలు చెబుతున్నాయి. కంతున్యా పేరుగల ఆదివాసీ కమ్మరి కూడా చారిత్రక వ్యక్తే. వీరి వెనుక పేరు నమోదు కాని వేలమంది ఉన్నారు. ఇంకాల కాలం నుంచి ఉన్న 'మీతా' అనే వంతుల చాకిరీని స్పానిష్ పాలకులు వెట్టిగా మార్చి, గ్రామాల నుంచి మనుషులను రప్పించి పని చేయించుకున్నారు. క్విటో అందం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి వదిలేస్తే సగం చరిత్రే చెప్పినట్టు.

తిరిగి ఏడు శిలువల వీధిలోకి వచ్చి దక్షిణానికి నడిస్తే వీధి మీదుగా ఒక కమాను కనిపిస్తుంది. వాన పడేటప్పుడు భక్తులు తలదాచుకోవడానికి కట్టిన రాణి కమాను ఇది. పక్కనే ఉన్న పాత ఆసుపత్రి 1565లో మొదలై 1974 వరకూ నడిచింది. ఇప్పుడు నగర చరిత్ర మ్యూజియం. ఎవుహెనియో ఎస్పెహో తండ్రి ఆదివాసీ, ఈ ఆసుపత్రిలోనే సహాయకుడిగా పనిచేశాడు. 1747లో పుట్టిన ఎస్పెహో వైద్యుడై 1785లో మశూచి నివారణపై గ్రంథం రాశాడు, 1792లో నగరపు మొదటి పత్రికను నడిపాడు. వలస పాలనను ప్రశ్నించినందుకు జైలు పాలై, 1795లో మరణించాడు. ఎదురుగా ఉన్న కార్మెన్ ఆల్తో మఠంలో సన్యాసినులు తయారుచేసిన మిఠాయిలు, తేనె దొరుకుతాయి.

ఇక్కడి నుంచి దిగువకు లా రోందా వీధి. వంపు తిరిగిన ఈ సన్నని దారి ఒకప్పుడు కవులకు, గాయకులకు నెలవు. తర్వాత శిథిలమై, 2007 ప్రాంతంలో పునరుద్ధరణ జరిగాక మళ్లీ తెరుచుకుంది. టోపీలు కుట్టేవారు, చెక్క బొంగరాలు చేసేవారు పగలు పని చేస్తూ కనిపిస్తారు. సాయంత్రం దాల్చినచెక్క, నారంహియా పండు రసం, చెరకు సారాయి కలిపి కాచిన కనెలాసో వేడివేడిగా అమ్ముతారు. దగ్గరలోని పాత దుకాణంలో కొలాసియోనెస్ అనే మిఠాయి చేయడం తప్పక చూడాలి. బొగ్గుల మీద వేలాడదీసిన పెద్ద బాణలిని ఊపుతూ, వేరుశనగల మీద పంచదార పాకం పొరలు పొరలుగా పట్టిస్తారు.

ఈ పునరుద్ధరణలకు వెనుక కథ ఉంది. 1987 మార్చి భూకంపంలో చాలా చర్చిలు, ఇళ్లు బీటలు వారాయి. ఆ ఏడాదే ప్రత్యేక చట్టంతో ఒక పరిరక్షణ నిధిని ఏర్పాటు చేసి పనులు చేపట్టారు. 2003లో వీధి వ్యాపారులను వేల సంఖ్యలో దుకాణ సముదాయాల్లోకి తరలించారు. వీధులు శుభ్రపడ్డాయి, రాకపోకలు తేలికయ్యాయి. అదే సమయంలో పాత ఇళ్లలో ఉండే కుటుంబాలు తగ్గుతూ వచ్చాయి. రాత్రి అయ్యేసరికి చాలా వీధులు బోసిపోతాయి. పాతబస్తీకి ఇప్పుడు ఉన్న అతి పెద్ద సమస్య రాళ్లది కాదు, నివాసులది.

ఓపిక మిగిలినవారు ఉత్తరాన ఉన్న బసిలికా దాకా వెళ్లవచ్చు. 1892లో పునాదిరాయి వేసిన ఈ గోతిక్ చర్చిని 1985లో పోప్ రెండో జాన్ పాల్ ఆశీర్వదించాడు. నీరు పారే తూముల మీద ఐరోపా రాక్షసులకు బదులు ఇగ్వానాలు, తాబేళ్లు, కాండర్ రాబందులు కొలువుదీరాయి. గోపురం పైకి చేరాలంటే చెక్క వంతెన దాటి నిటారు ఇనుప మెట్లు ఎక్కాలి. ఎత్తంటే భయం ఉన్నవారు కిందే ఉండడం మంచిది.

వచ్చిన రోజే ఈ నడక పెట్టుకోకూడదు. గాలిలో ప్రాణవాయువు తక్కువ కాబట్టి ఒకటి రెండు రోజులు శరీరానికి అలవాటు కావాలి. ఎండ చల్లగా అనిపించినా చర్మాన్ని త్వరగా కాలుస్తుంది, అక్టోబరు నుంచి మే వరకు మధ్యాహ్నం వానలు మామూలు. దేశంలో 2000 నుంచి అమెరికా డాలరే చెలామణీ అవుతోంది, చిన్న నోట్లు దగ్గరుంచుకోవాలి. లెగార్దా మేరీమాతకు అల్యూమినియం పలకలతో చేసిన భారీ ప్రతిరూపం 1975 నుంచి పానెసీయో కొండ మీద నిలిచి ఉంది. దాని దగ్గరకు మెట్లదారి ఉన్నా దొంగల భయం ఉంది కాబట్టి టాక్సీలోనే వెళ్లాలి. అక్కడి నుంచి ఉత్తరాన ఇప్పటిదాకా నడిచిన పాతబస్తీ మొత్తం కనిపిస్తుంది. కొండకు దక్షిణంగా పర్యాటకులు పెద్దగా అడుగుపెట్టని శ్రామిక వాడలు పరుచుకుని ఉంటాయి.