కథ కంచికి వెళ్ళకపోతే ఏమవుతుంది?

పిల్లలూ,

పోయిన నెల మన క్లాసులో సొంతంగా ఒక కథ రాయమన్నాను, గుర్తుందా? ఒక బాబు సూపర్ హీరో కథ మొదలుపెట్టాడు. మొదటి మూడు పేజీలు ఎంత బాగా రాశాడంటే, నేను తోముతున్న గిన్నెలు వదిలేసి, చేతులు తుడుచుకుని మరీ చదివాను. నాలుగో పేజీ సగంలో ఆపేశాడు. ఏమైంది నాన్నా అని అడిగితే, "టీచర్, నా హీరోకి అన్ని పవర్సూ వచ్చేశాయి. విలన్ ఓడిపోయాడు. ఇంకేం రాయాలో తెలియట్లేదు" అన్నాడు. పాపం, ఏడుపు మొహం పెట్టాడు.

వాడికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే నాకు 'హీరోస్' అనే టీవీ సిరీస్ గుర్తొచ్చింది. సరిగ్గా వాడికి వచ్చిన కష్టమే ఆ సిరీస్‌కీ వచ్చింది. అందుకే ఈ పాఠం.

'హీరోస్' మీరు పుట్టకముందుది. అమెరికాలో ఎన్‌బీసీ చానల్లో 2006 సెప్టెంబరులో మొదలైంది. తయారుచేసిన ఆయన పేరు టిమ్ క్రింగ్. మొదటి ఎపిసోడును అమెరికాలో సుమారు 1.4 కోట్ల మంది చూశారు. నేను బీఎడ్ చదివేటప్పుడు హాస్టల్లో స్నేహితురాలి లాప్‌టాప్ చుట్టూ ఆరుగురం కూర్చుని చూశాం. మీరు చూడాలంటే మాత్రం అమ్మానాన్నలని అడిగే చూడండి, కొన్ని చోట్ల బాగా భయపెడుతుంది. ఇంకో మాట, కింద కథంతా చెప్పేస్తున్నాను. తిట్టుకోకండి!

కథ ఇది. ప్రపంచంలో అక్కడక్కడ మామూలు మనుషులకి ఉన్నట్టుండి శక్తులు వస్తాయి. టోక్యోలో ఆఫీసు పని చేసుకునే హిరో అనే అబ్బాయి కాలాన్ని ఆపగలడు. టెక్సస్‌లో క్లేర్ అనే స్కూలు పిల్లకి ఎంత దెబ్బ తగిలినా మానిపోతుంది. న్యూయార్క్‌లో పీటర్ అనే నర్సు, శక్తి ఉన్నవాళ్ళు దగ్గరికి వస్తే చాలు, వాళ్ళ శక్తి తనకీ తెచ్చుకుంటాడు. నేథన్ అనే వాళ్ళ అన్న ఎగరగలడు. సైలర్ అనే గడియారాల రిపేరువాడు మాత్రం మనుషులని చంపి శక్తులు లాక్కుంటాడు. వీళ్ళందరినీ వెతికే మోహిందర్ సురేష్ మన చెన్నై నుంచి వచ్చిన ప్రొఫెసరు. పేరు వినగానే మా ఆరుగురిలో ఒకమ్మాయి "మనవాడే!" అని అరిచింది. చెన్నైవాళ్ళు మనవాళ్ళు ఎలా అయ్యారని అడక్కండి. అమెరికా టీవీలో కనిపిస్తే అందరూ మనవాళ్ళే.

మొదట్లోనే హిరో భవిష్యత్తులోకి వెళ్ళి, ఐదు వారాల తర్వాత న్యూయార్క్ నగరం పేలిపోవడం చూస్తాడు. అంతే, ఇక మొదటి సీజన్ మొత్తానికి ఒకటే ప్రశ్న: ఆ పేలుడు ఆగుతుందా, ఆగదా? 23 ఎపిసోడ్లు ఆ ఒక్క ప్రశ్న మీదే నడుస్తాయి. తర్వాత ఏమవుతుందో అని గుండె దడదడ కొట్టుకోవడాన్ని తెలుగులో ఉత్కంఠ అంటాం. ఆ మాట అర్థం తెలియాలంటే ఆ సీజన్ చూస్తే చాలు. చివరికి పేలబోయేది బాంబు కాదు, పీటరే అని తెలుస్తుంది. నేథన్ తమ్ముణ్ణి పట్టుకుని ఆకాశంలోకి ఎగిరిపోతాడు. పేలుడు పైన జరుగుతుంది, ఊరు బతుకుతుంది.

మన ఇళ్ళల్లో అమ్మమ్మలు కథ అయిపోగానే ఒక మాట అంటారు: "కథ కంచికి, మనం ఇంటికి." కంచి అంటే తమిళనాడులో ఉన్న కాంచీపురం. ఇక కథ ముగిసింది, వెళ్ళి పడుకోండి అని దానర్థం. 'హీరోస్' కథ ఆ రోజు కంచికి వెళ్ళిపోవాల్సింది.

కానీ టీవీ చానల్ అమ్మమ్మ కాదు కదా! అంతమంది చూసే కార్యక్రమాన్ని ఏ చానలూ వదులుకోదు, ప్రకటనల డబ్బంతా దాని మీదే వస్తుంది. నిజానికి టిమ్ క్రింగ్ మొదట అనుకున్నది వేరు. ప్రతి సీజన్‌కీ పాత మనుషులని పంపించేసి కొత్త మనుషులతో కొత్త కథ చెప్పాలని అనుకున్నారు. అయితే జనానికి హిరో, క్లేర్, పీటర్ బాగా నచ్చేశారు. వాళ్ళని వదల్లేక వాళ్ళనే ఉంచేశారు. మనుషులు మిగిలారు, వాళ్ళ ప్రశ్న మాత్రం అయిపోయింది.

రెండో సీజన్ 2007 సెప్టెంబరులో వచ్చింది. చనిపోయాడనుకున్న నేథన్ గడ్డం పెంచుకుని కూర్చుని ఉంటాడు. సైలరూ బతికే ఉంటాడు. క్లేర్‌ని పెంచిన తండ్రి తుపాకీ గుండు తగిలి చనిపోతే, క్లేర్ రక్తంతో ఆయన్ని లేపేస్తారు! ఒక్కసారి ఇలా జరిగాక ఎవరికి ఏమైనా మనకి భయం వేయదు. ఏముంది, మళ్ళీ లేస్తాడులే అనుకుంటాం. మా హాస్టల్లో ఈ ఎపిసోడుకి వచ్చేసరికి ఆరుగురిలో ఇద్దరు లేచి బట్టలు ఉతుక్కోవడానికి వెళ్ళిపోయారు.

ఇక హిరో. అతను 1671 నాటి జపాన్‌కి వెళ్ళి పడతాడు. చిన్నప్పుడు విన్న కథల్లోని వీరుణ్ణి అక్కడ కలుస్తాడు. తీరా చూస్తే ఆ వీరుడు ఒక తాగుబోతు ఇంగ్లీషువాడు! ఇది నాకైతే నచ్చింది. కానీ మిగతావాళ్ళ కథ ఒకచోట, హిరో మూడు వందల ఏళ్ళ వెనక. ఎన్ని వారాలైనా తిరిగి రాడు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పీటర్‌తో వచ్చింది. మన బాబు కథలో లాగే అతనికి అన్ని శక్తులూ వచ్చేశాయి. అలాంటివాడు ఊళ్ళో ఉంటే ఏ సమస్యా ఐదు నిమిషాలు నిలవదు. అందుకని రచయితలు ఏం చేశారంటే, అతని జ్ఞాపకశక్తి తీసేశారు! తనెవరో తెలియకుండా ఐర్లాండ్‌లో తేలతాడు.

ఇది చదవగానే మీకు మన రామాయణం గుర్తు రాలేదూ? హనుమంతుడు చిన్నప్పుడు అల్లరి చేస్తే మునులు శపించారు. ఎవరైనా గుర్తుచేసేదాకా తన బలం తనకి తెలియదు. అందుకే సముద్రం ముందు వానరులందరూ దిగులుగా కూర్చున్నప్పుడు తనూ ఊరికే కూర్చున్నాడు. జాంబవంతుడు గుర్తుచేశాక పెరిగిపెరిగి కొండంతై లంకకి దూకాడు. రెండు కథల్లోనూ హీరో తన శక్తిని మర్చిపోయాడు. మరి ఒకటి ఒళ్ళు పులకరించేలా, ఇంకొకటి విసుగొచ్చేలా ఎందుకుంది? నాకు తోచింది చెప్తాను. హనుమంతుడికి గుర్తొచ్చిన క్షణంలో కథ సముద్రం దాటింది. సీత జాడ తెలుస్తుందా అనే ప్రశ్న ఎదురుగా ఉంది, ఆ బలం సరిగ్గా దానికోసమే. పీటర్‌కి గుర్తొచ్చాక పాత పీటర్ అయ్యాడు, అంతే. రచయితలకి అతను అడ్డు కాబట్టి కొన్నాళ్ళు దూరంగా పంపించారు తప్ప, ఆ మరుపుకి వేరే పని లేదు.

కొంతమంది "అదేం కాదు, సమ్మె వల్లే పాడైంది" అంటారు. సమ్మె అంటే పనివాళ్ళందరూ కలిసి పని ఆపేయడం. అమెరికాలో సినిమా, టీవీ రచయితలు 2007 నవంబరు 5 నుంచి 2008 ఫిబ్రవరి 12 వరకు సమ్మె చేశారు. దాంతో రెండో సీజన్ 11 ఎపిసోడ్లకే ఆగిపోయింది, ముగింపు కూడా హడావిడిగా మార్చాల్సి వచ్చింది. ఇది నిజమే. కానీ జనం విసుక్కోవడం అంతకుముందే మొదలైంది. ఆ నవంబరులోనే టిమ్ క్రింగ్ ఒక పత్రికతో మాట్లాడుతూ తప్పులు ఒప్పుకున్నారు. కథ మరీ నెమ్మదిగా నడిచిందనీ, హిరోని జపాన్‌లో అన్నాళ్ళు ఉంచకూడదనీ, కొత్త మనుషులని సరిగ్గా కలపలేదనీ చెప్పారు. అంత పెద్దాయన అందరి ముందూ అలా చెప్పడం నాకు గొప్పగా అనిపించింది.

తప్పు తెలిసింది కదా, మూడో సీజన్ బాగుపడి ఉండాలి. పడలేదు! నెమ్మదిగా ఉందన్నారని ఈసారి పరుగెత్తించారు. మళ్ళీ భవిష్యత్తు చూడటం, మళ్ళీ ప్రళయం. ప్రళయం అంటే లోకమంతా నాశనమైపోవడం. మొదటి సీజన్ ప్రశ్ననే అంకెలు మార్చిన లెక్కలాగా మళ్ళీ మళ్ళీ ఇచ్చారు. మంచివాళ్ళు చెడ్డవాళ్ళయ్యారు, చెడ్డవాళ్ళు మంచివాళ్ళయ్యారు, మళ్ళీ అటు ఇటు అయ్యారు. మా మోహిందర్ సంగతి చెప్పాలంటే ఇప్పటికీ కోపమే. శక్తులు లేకపోయినా బుర్రతో పనిచేసే ఒక్క మనిషి అతను. అతనికీ మందు ఎక్కించి, ఒంటి మీద పొలుసులు మొలిపించి, మనుషులని గూళ్ళలో కట్టేసే పురుగులాంటివాణ్ణి చేశారు. "మనవాడే" అన్న అమ్మాయి ఆ తర్వాత చూడ్డం మానేసింది. నేను నాలుగో సీజన్ దాకా లాగాను, ఎందుకో నాకే తెలియదు.

2010 ఫిబ్రవరిలో వచ్చిన చివరి ఎపిసోడును చూసినవాళ్ళు 50 లక్షల కన్నా తక్కువే. 2015లో 'హీరోస్ రీబోర్న్' అని మళ్ళీ తెచ్చారు. అదీ 13 ఎపిసోడ్లతో ఆగిపోయింది.

ఇదంతా చెప్పాక మన బాబుని రెండు ప్రశ్నలు అడిగాను. నీ కథ మూడో పేజీలోనే కంచికి వెళ్ళిపోయిందేమో చూశావా? వెళ్ళకపోతే, నీ హీరోకి చేతకానిది ఏంటి? వాడు చాలాసేపు పెన్సిల్ కొరుకుతూ కూర్చుని, చివరికి నాలుగో పేజీ మొత్తం కొట్టేశాడు. ఇప్పుడు వాడి హీరో ఎగరగలడు, గోడలు పగలగొట్టగలడు, కానీ వాళ్ళ తాతయ్యతో ఫోన్‌లో తెలుగులో మాట్లాడలేడు. విలన్ ఎక్కడున్నాడో తెలిసింది తాతయ్యకే! ఐదో పేజీ కోసం నేనూ ఎదురుచూస్తున్నాను.

మీ పని: ఒక హీరోని తీసుకోండి. ఒక్క శక్తే ఇవ్వండి. ఆ శక్తితో తీరని కష్టం ఒకటి పెట్టి అరపేజీ రాయండి. ఉత్కంఠ, సమ్మె, ప్రళయం - ఈ మూడింట్లో ఒక మాటైనా రావాలి. కథ అక్కడితో అయిపోయిందనిపిస్తే కింద "కథ కంచికి" అని రాసేయండి, మార్కులేమీ తగ్గించను.