ఎండ వాటా 18 టీఎంసీలు

తుంగభద్ర డ్యాం నీళ్లలో ఎవరి వాటా ఎంతో కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు రైతులను నిద్రలో లేపి అడిగినా చెబుతారు. దిగువ కాలువ (ఎల్ఎల్‌సీ) కింద ఆంధ్రకు 24 టీఎంసీలు. అనంతపురం వైపు పోయే ఎగువ కాలువ (హెచ్ఎల్‌సీ)కు 32.5. కేసీ కాలువకు 10. రాజోలిబండకు 6.51. అర్జీ పెట్టకుండా, ధర్నాకు కూర్చోకుండా, కోర్టు మెట్లెక్కకుండా వాటా దక్కించుకున్నవాడు ఇంకొకడున్నాడు. సూర్యుడు. డ్యాంలో ఆవిరైపోయే నీళ్ల కింద, కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ 18 టీఎంసీలు రాసిపెట్టింది. కేసీ కాలువ, రాజోలిబండ వాటాలు రెండూ కలిపినా 16.51 మాత్రమే. అంటే ఎండ వాటా ఆ రెండింటికన్నా పెద్దది. పోయేదెంతో ముందే ఒప్పుకుని పద్దు రాసిన ప్రభుత్వ ప్రణాళికలు అరుదు కాబట్టి నీళ్లు, చెత్త, పొదుపు గురించి ఇక్కడ చెప్పబోయే వింతల్లో మొదటి పీట దీనికే.

ఏ ట్రిబ్యునలూ వాటా రాయని పెద్దమనిషి మరొకడున్నాడు. పేరు పూడిక. 1953లో నీళ్లు నింపడం మొదలుపెట్టిన నాడు డ్యాం సామర్థ్యం 133 టీఎంసీలు. ఇప్పుడు అధికారులు పట్టుకునే లెక్క 105.788. మధ్యలో మట్టి మింగింది 27 టీఎంసీల పైచిలుకు. ఎల్ఎల్‌సీలో మనకు రావలసిందే 24! ఆదోని డివిజన్ మొత్తం ఏ వాటా కోసం ప్రతి ఏడాదీ పైవాళ్లతో పోట్లాడుతుందో, దానికన్నా ఎక్కువ నీళ్లు పట్టే చోటు డ్యాం అడుగున మట్టితో నిండిపోయి ఉంది.

వారంలో జరిగిన పొదుపు

2024 ఆగస్టు 10 రాత్రి. డ్యాంకున్న 33 క్రస్టు గేట్లలో పందొమ్మిదోదానికి గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. దాన్ని సరిచేయాలంటే డ్యాంలో నీటిమట్టం గేటు గడప కిందికి దిగాలి, అందుకు 60 టీఎంసీలు వదిలేయక తప్పదన్నది మొదట వినిపించిన మాట. అప్పటికి ఖరీఫ్ నాట్లు పడుతున్నాయి. కాలువ కింద రైతుల గుండెల్లో రాయి పడింది.

రిటైరైన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు అక్కడికి చేరుకుని, నీళ్లు పారుతుండగానే స్టాప్‌లాగ్ (తాత్కాలిక గేటు) దించవచ్చన్నారు. గేటు మొత్తం ఒకే పలక అయితే దించడం కష్టం. అందుకని దాన్ని ఉక్కు ముక్కలుగా చేయించి, క్రేన్లతో ఎత్తి, ఒకదాని మీద ఒకటి గాడిలోకి జారవిడిచారు. 16న మొదటి ముక్క కూర్చుంది. 17కల్లా దారి మూసుకుంది. నీటి పొదుపు మీద ఎన్నో సదస్సులు జరుగుతుంటాయి గానీ, ఇంత తక్కువ రోజుల్లో ఇన్ని నీళ్లు నిలబెట్టిన పని తెలుగు నేలమీద మరొకటి నాకు తోచడం లేదు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన్ను సలహాదారుగా పెట్టుకుంది. రిటైరైన మనిషి అనుభవాన్ని మళ్లీ వాడుకోవడం కూడా రీసైక్లింగే అనుకుంటే అందులోనూ ఇది మేలురకం.

ఇక రాజోలిబండ ఆనకట్ట వింత వేరు. కోసిగి మండలం అంచున తుంగభద్ర మీద కట్టారు దాన్ని. ఇవతలి కొస మన గట్టునే ఆనుకుని ఉంటుంది. నీళ్లు మాత్రం అవతలి గట్టు కాలువలో రాయచూరు మీదుగా గద్వాల వైపు పోతాయి. మన వైపు కుడి కాలువకు 4 టీఎంసీలని 2013లో బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ తీర్పులో రాసింది. ఆ తీర్పు సుప్రీంకోర్టు వాకిట్లో ఆగింది. కోసిగి వాళ్లకు కంటికి కనబడే నీళ్లకూ చేతికందే నీళ్లకూ మధ్య దూరం ఎంతంటే అదీ లెక్క.

పనిభారం ఎక్కువైన తేదీ

ప్రభుత్వ క్యాలెండరులో అన్నిటికన్నా బరువు మోస్తున్న రోజు ఏది? అక్టోబరు 2 అని కళ్లు మూసుకుని చెప్పవచ్చు. స్వచ్ఛభారత్ మొదలైంది 2014 అక్టోబరు 2న. గ్రామ సచివాలయాలు 2019 అక్టోబరు 2న. పట్టణాల్లో ఇంటింటి చెత్త కోసం 4,097 బండ్లకు విజయవాడలో పచ్చజెండా ఊపి క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం ప్రారంభించింది 2021 అక్టోబరు 2న. ఆ కార్యక్రమంతో వచ్చిన చెత్త పన్నును రద్దు చేస్తున్నామన్న ప్రకటన వచ్చింది 2024 అక్టోబరు 2న. సరిగ్గా మూడేళ్లు! రాష్ట్రంలో గుట్టలుగా పేరుకున్న 85 లక్షల టన్నుల పాత చెత్తను తీసెయ్యడానికి పెట్టుకున్న గడువు 2025లో మళ్లీ అదే తేదీ. గాంధీగారు బతికుంటే ఒకటి రెండు పనులు జనవరికి మార్చమని ఉత్తరం రాసేవారేమో.

రాసినట్టే అయింది కూడా. ‘స్వర్ణాంధ్ర-స్వచ్ఛాంధ్ర’ను 2025 జనవరి 18న మైదుకూరులో మొదలుపెట్టి, నెలనెలా మూడో శనివారం చెయ్యాలన్నారు. అదే ఏడాది మే 17 శనివారం ముఖ్యమంత్రి కర్నూలు సీ-క్యాంపు రైతుబజారుకు వచ్చారు. కూరగాయల చెత్తను ఎరువు చేయడం గురించి మాట్లాడటానికి రైతుబజారును మించిన చోటు లేదు. సాయంత్రమయ్యేసరికి అక్కడ రాలేది తోటకూర కాడలూ క్యాబేజీ ఆకులే కదా.

మూడు డబ్బాలు, నలభై అయిదు డబ్బాలు

జపానులో కామికాత్సు అనే చిన్న ఊరుంది. జనాభా కోసిగిలో ఒక వీధంత. 2003లో చెత్తే మిగలనివ్వం అని తీర్మానం చేసుకుని, చెత్తను 45 రకాలుగా వేరుచేయడం నేర్చుకున్నారు. సీసా వేరు, దాని మూత వేరు. మన దగ్గర లెక్క మూడే: తడికి ఆకుపచ్చ డబ్బా, పొడికి నీలం డబ్బా, ప్రమాదకరమైన దానికి ఎర్ర డబ్బా. ఆ మూడే కలిసిపోతున్నాయని పంచాయతీ సిబ్బంది మొత్తుకుంటుంటారు.

పల్లెల్లో ఈ పనికి కట్టిన షెడ్లకు ‘సంపద తయారీ కేంద్రం’ అని పేరు. చెత్తకు ఇంత గొప్ప పేరు పెట్టిన ప్రభుత్వం మరెక్కడైనా ఉందో లేదో! ఇంటింటికీ రిక్షా తొక్కుకుంటూ పోయే మనిషికి ‘హరిత రాయబారి’ అన్నారు. దౌత్యవేత్తల్లో అతి తక్కువ జీతం బహుశా వీరిదే. పని మాత్రం తక్కువది కాదు. తడి చెత్తను ఆరబోసి, పేడ కలిపి, తొట్లలో పోసి, వానపాములను వదిలి, పైన గోనెపట్టా కప్పాలి. పట్టా ఎప్పుడూ తడిగా ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో కోసిగి ఎండకు పట్టా పొద్దున తడిపితే మధ్యాహ్నానికి బిరుసెక్కుతుంది. మనుషుల బిందెలకే నీళ్లు కరువైన రోజుల్లో వానపాములకు ఎవరు పోస్తారు? ఏ పథకమైనా కర్నూలు పశ్చిమ ప్రాంతంలో తడబడేది ఇదిగో, ఇలాంటి బిందెడు నీళ్ల దగ్గరే.

ఇంకో చిక్కు సుగ్గి వలస. పత్తి తీతకూ మిరపకోతకూ గుంటూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే లారీలెక్కి పోతాయి. పిల్లలనూ వెంటబెట్టుకునే పోతారు. ముసలివాళ్లు మిగిలిన వీధుల్లో బండికి పడే చెత్త కూడా తగ్గుతుంది. చెత్త లెక్క తగ్గిందంటే పరిశుభ్రత పెరిగినట్టని పై ఆఫీసులో ఎవరైనా రాసుకుంటే ఆ తప్పు అంకెలది కాదు.

మూడు డబ్బాలు రాకముందే ఇక్కడ నాలుగో పద్ధతి ఒకటుంది. పాతసామాన్ల బండి. పగిలిన ప్లాస్టిక్ బిందె, తుప్పు పట్టిన రేకు, తెగిన చెప్పులు ఇస్తే ఉల్లిగడ్డలు తూచి ఇస్తాడు. బిందెను వేలితో కొట్టి చూసి, ఏ రకం ప్లాస్టికో చప్పుడుతో చెప్పేస్తాడు. ఏ మిషనూ, ఏ విజనూ ఇతనికి శిక్షణ ఇవ్వలేదు. పట్టణాల్లోనూ దారి చూపినవాళ్లున్నారు. ఇరవై ఏళ్ల కిందటే సూర్యాపేట మునిసిపాలిటీ చెత్తకుండీలు లేని ఊరుగా దేశమంతటా పేరు తెచ్చుకుంది.

దూరం చూసిన పుస్తకాలు

ఆంధ్రప్రదేశ్ అంత ముందుచూపు పుస్తకాలు వేసిన రాష్ట్రాలు తక్కువ. 1999లో మెకిన్సీ కంపెనీ సాయంతో ‘విజన్ 2020’ వచ్చింది. 2024 డిసెంబరు 13న ‘స్వర్ణాంధ్ర 2047’ను విజయవాడలో విడుదల చేశారు. పది సూత్రాలు, 2.4 ట్రిలియన్ డాలర్ల ఆర్థిక వ్యవస్థ, తలసరి ఆదాయం 42 వేల డాలర్లు. సుగ్గికి పోయే కోసిగి కూలీ ఈ సంఖ్యను రూపాయల్లోకి మార్చుకుని వింటే ఏమంటాడో ఊహించడం కష్టం కాదు.

నన్నడిగితే ఆ రంగుల అట్టల కన్నా చట్టాల్లో దొరికే విశేషాలే గట్టివి. సాగునీటి యాజమాన్యాన్ని రైతు సంఘాలకు అప్పజెబుతూ 1997లో చేసిన చట్టం దేశంలోనే మొదటిది. బిందుసేద్యానికి ప్రత్యేకంగా ఒక రాష్ట్ర ప్రాజెక్టు 2003 నవంబరు 3న మొదలైంది. సరిగ్గా ఆ కాలంలోనే కర్నూలుతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో, ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే బోరుబావుల్లో నీటిమట్టం కొలిచి, వానను కొలిచి, ఊరికి ‘నీటి బడ్జెట్’ వేసుకున్నారు. ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటకు కావలసినవెన్ని అని ఊళ్లో అందరి ముందూ లెక్క చెప్పుకునేవాళ్లు. ఏ పంట వెయ్యాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు. లెక్క చూసి చాలామంది వరి తగ్గించుకున్నారు.

చిత్తు కాగితం చరిత్ర

కాగితం పొదుపులో ఘనులు పాత మద్రాసు రాష్ట్రపు గుమాస్తాలు. టాటెన్‌హామ్ అనే ఐసీఎస్ అధికారి పేరు మీద నడిచిన పద్ధతి ఇప్పటికీ మన తహసీల్దారు కార్యాలయాల్లో బతికే ఉంది. ఫైలు ముగిసిన రోజే దాని ఆయుష్షు రాసేస్తారు. ఆర్.డిస్. అంటే శాశ్వతం. డి.డిస్. అంటే పదేళ్లు. ఎల్.డిస్. అంటే అంతకన్నా ముందే చిత్తు. ఎన్.డిస్. అయితే ఆఫీసులో ముక్క కూడా మిగలదు, వచ్చిన కాగితమే జవాబుతో తిరిగిపోతుంది. అన్ని ఆఫీసుల్లోకీ అతి తక్కువ చోటు పట్టే దస్త్రం అదే. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లా నుంచి ఆంధ్రలోకి వచ్చాయి. జిల్లా మారింది, రాష్ట్రం మారింది, భాష మారింది. ఆ పొడి అక్షరాలు మాత్రం మారలేదు.

ఇంకొకటి ఎకానమీ స్లిప్. వచ్చిన కవరును చింపి పారేయకుండా, పాత చిరునామా మీద ఒక చీటీ అంటించి, కొత్త చిరునామా రాసి అదే కవరులో జవాబు పంపడం. నాలుగు చీటీలు పడ్డ కవరు అట్టలా గట్టిపడి పోస్టుమ్యాన్ సంచిలో నిలబడేది. ఇప్పుడు ‘మన మిత్ర’ పేరుతో 2025 జనవరి 30 నుంచి 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. కాగితం మిగులుతోంది, సందేహం లేదు. అలా ఫోనులో వచ్చిన సర్టిఫికెట్టును జిరాక్సు తీసి తెమ్మనే కౌంటర్లు ఇంకా ఉన్నాయన్నదీ నిజమే.

ఆదా లెక్కల్లో ఆర్టీసీని మించిన ప్రభుత్వ సంస్థ లేదని నా అభిప్రాయం. అతిపెద్ద బస్సుల బలగానికి 1999లో గిన్నిస్ పుస్తకంలోకెక్కిన సంస్థ అది. గొప్ప దాని సైజులో లేదు, టైరులో ఉంది. అరిగిన టైరును గీకి, కొత్త రబ్బరు పట్టీ అంటించి, వేడిలో ఉడికించి మళ్లీ రోడ్డెక్కించే షాపులు ఆర్టీసీకి సొంతంగా ఉన్నాయి. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడని డిపోలో డ్రైవరువారీగా లెక్క కడతారు. ఆదోని నుంచి కోసిగి పోయే పల్లెవెలుగు బస్సులో, గతుకుల మీద ఆ లెక్క నిలబెట్టుకోవడం నిజంగా విద్య. 2020లో కరోనా వచ్చినప్పుడు ఏసీ ఇంద్ర బస్సులనే ‘సంజీవని’ పేరుతో పరీక్షా కేంద్రాలుగా మార్చేశారు.

కరెంటు సంగతికొస్తే, హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖ దీపస్తంభాలను కూల్చేసిన తర్వాత ఆ నగరంలో 91 వేలకు పైగా వీధిదీపాలు ఎల్ఈడీలయ్యాయి. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల మధ్య 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో ఒకే చోట ఉన్న వాటిలో ప్రపంచంలోకెల్లా పెద్దదనిపించుకుంది. కిరీటం ఎక్కువ కాలం నిలవలేదు, పక్కనున్న కర్ణాటకలోని పావగడ పార్కే దాటేసింది. పైగా 2022లో జిల్లాల విభజనతో గని నంద్యాలకు వెళ్లింది, శకునాల కర్నూలులోనే ఉండిపోయింది. ఆ దగ్గర్లోనే పిన్నాపురంలో ఎగువన ఒక చెరువు, దిగువన ఒక చెరువు కట్టి అవే నీళ్లను ఎక్కిస్తూ దించుతూ 1,680 మెగావాట్లు తీసే ప్రాజెక్టు తలపెట్టారు. ఒకసారి నింపుకుంటే చాలు, ఆ తర్వాత ఆవిరైనంత మేర పోసుకుంటూ ఉంటే సరి. సూర్యుడి వాటా అక్కడా తప్పలేదన్నమాట.

గుడ్డ బ్యానరు

చివరిది ఎమ్మిగనూరు కథ. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘంతో ఈ ఊరి పేరు దేశమెరిగింది. 1954లో, పద్మ పురస్కారాలు మొదలైన ఏడాదే, ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2022 ఆగస్టు 26న విశాఖ తీరంలో రాష్ట్రమంతటా ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించి, ఇక గుడ్డ బ్యానర్లే కట్టాలన్నారు. మగ్గాల ఊళ్లలో ఆశ పుట్టింది. ఫ్లెక్సీ ప్రింటర్లు లబోదిబోమన్నారు. గడువు నవంబరు నుంచి జనవరికి జరిగింది, వ్యవహారం హైకోర్టుకు చేరింది, ఊళ్లో పుట్టినరోజులు ఎప్పటిలాగే ఫ్లెక్సీల మీద జరిగిపోతున్నాయి. పాత ఫ్లెక్సీలకు మాత్రం ఈ ప్రాంతంలో ఎవరూ నిషేధం పెట్టరు. నాయకుడి ముఖం లోపలికి తిప్పి పశువుల కొట్టం మీద కప్పితే రెండు వానాకాలాలు ఆగుతుంది.