జపనీస్ చదవాలా? తెలుగులో ఆలోచించండి!

జేఎల్‌పీటీలో ఎన్‌5, ఎన్‌4 పాసైనా, జపాన్ కంపెనీ మెయిల్ ఒకటి ఇచ్చి అనువదించమంటే చాలామందికి చెయ్యాడదు. కారణం ఒకటే. ఆ పరీక్షలో అన్నీ ఆప్షన్లున్న ప్రశ్నలే. సొంతంగా ఒక్క వాక్యం కూడా రాయనక్కర్లేదు. ఉద్యోగంలో ఆప్షన్లుండవు! అనువాదకుల కొలువులకు సాధారణంగా ఎన్‌3, ఎన్‌2 అడుగుతుంటారు. సర్టిఫికెట్‌తో పాటు చదివి రాసే నేర్పునూ ఇప్పటినుంచే పెంచుకోండి.

మన వాక్యంలాగే...

ఇంగ్లిష్ మీదుగా వెళ్తే ప్రతి వాక్యాన్నీ తిరగేయాలి. తెలుగుతో ఆ అవస్థ తక్కువ. 'కినో కత్త హొన్' అంటే 'నిన్న కొన్న పుస్తకం'. పదాల వరుస అచ్చం మనదే. క్రియ చివర్లోనే వస్తుంది. 'తబెతె' అంటే 'తిని', 'మో' అంటే 'కూడా', 'తొ ఈమషిత' అంటే 'అని చెప్పారు'. అందుకే పెద్ద వాక్యాన్ని ముందు తెలుగులో రాసుకోండి. అర్థం తేలాక ఇంగ్లిష్‌లోకి మార్చండి.

ఇక్కడ జాగ్రత్త

* కర్త: 'కిమషిత' అంటే వచ్చాడా, వచ్చిందా, వచ్చానా? క్రియను చూస్తే తెలియదు. ముందు వాక్యాలు చదివి తేల్చుకోవాలి.
* అంకెలు: 'మన్' అంటే 10 వేలు, 'ఒకు' అంటే 10 కోట్లు. 'సన్‌జెన్‌మన్' అంటే 3 కోట్లు. ఇన్‌వాయిస్‌లో ఒక్క సున్నా తప్పినా కొంప మునుగుతుంది.
* ఇంగ్లిష్‌లా వినిపించే మాటలు: 'మన్‌షొన్' అంటే భవంతి కాదు, అపార్ట్‌మెంట్. 'కురేము' అంటే కస్టమర్ ఫిర్యాదు.
* మర్యాద: 'కెన్‌తో షిమస్' అంటే 'పరిశీలిస్తాం'. చాలాసార్లు అది సున్నితంగా 'వద్దు' అనడమే. సందర్భం చూసుకోండి.

రోజుకో గంట

హిరగానా, కతకానాల్లో మూల అక్షరాలు 46 చొప్పున ఉంటాయి. నిత్య వాడుక కోసం ప్రభుత్వం గుర్తించిన కంజీలు 2,136. వీటిని విడివిడిగా బట్టీ పట్టకుండా పదాలతో కలిపి నేర్చుకోండి.

మొదటి 20 నిమిషాలు మీ స్థాయికి తగిన చిన్న కథలు చదవండి. 'తదొకు' పద్ధతి పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. డిక్షనరీ ముట్టొద్దు; తెలియని మాట దాటేయండి. మరీ కష్టంగా ఉంటే పుస్తకం మార్చండి. పట్టు చిక్కాక కాపీరైట్ ముగిసిన రచనలుండే 'అఒజొర బున్కో'లోకి వెళ్లొచ్చు.

తర్వాత 30 నిమిషాలు ఐదు వాక్యాలు అనువదించండి. ఇప్పుడు డిక్షనరీ చూడొచ్చు. మెషీన్ అనువాదాన్ని మాత్రం మీది పూర్తయ్యాకే పోల్చండి. కర్త, అంకెలు, మర్యాద ఎక్కడ తేడా వచ్చాయో గమనించండి.

చివరి 10 నిమిషాల్లో నిన్నటి అనువాదాన్ని మళ్లీ జపనీస్‌లోకి రాసి, మూలంతో సరిచూసుకోండి. మీ అసలు లోపాలు అప్పుడే బయటపడతాయి.

తేదీలు వేసి ఈ నోట్‌బుక్‌ను దాచుకోండి. 'ఏం అనువదించారు?' అని ఇంటర్వ్యూలో అడిగితే చూపించడానికి మీ చేతిలో పని ఉంటుంది.