యామన్‌పల్లి శిలాస్థికలు

చెన్నూరు ప్రాంతమున ప్రాణహితా గోదావరుల లోయలో, పూర్వము నీటియడుగున పేరుకొని గట్టిపడిన ఇసుకరాతి, మట్టిరాతి పొరలయందు డైనోసారుల యెముకలు గలవు. విరిగిన ముక్క ఉత్త రాయియో యెముకయో తెలియుట అంత కష్టము కాదు: శిలగా మారినను ఎముక లోపలి సన్నని రంధ్రముల యల్లిక తరచు చెడక నిలుచును. ఏ జంతువుదని నిర్ణయించుటయే కష్టము.

నాటి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి వద్ద సుమారు 12 జంతువుల యెముకలు దొరకినవి. కొన్ని పండ్లు తప్ప పుర్రెలు లేవు. అదే కోటా శిలాశ్రేణినుండి వెలువడిన బరపాసారసునకు 1975లోనే నామకరణము జరిగియుండెను. ఇవియు దానివే యనరాదా? భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో కటిఫలకమును ప్రమాణముగా గొని, ఇది వేరుజాతి యని నిర్ణయించి, కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరిడెను. ఆ ఫలకము ఎత్తు తక్కువది. తొడయెముకపై కండరము పట్టు చిన్న బొడిపె యొకటి నిలిచియున్నది. తరువాతి దీర్ఘకంఠ జాతులలో అది చాలవరకు లోపించినది. ఇట్టి ప్రాచీన లక్షణముల బలముననే యిది ఆ వంశపు తొలిజాతుల సరసన చేరినది.

కోటా యనునది ప్రాణహిత కావలియొడ్డున సిరొంచ చెంతనున్న గ్రామము. సారస్ అనగా గ్రీకున బల్లి. పండితులు దీనిని వైరిసమాస మనిన అనవచ్చును. హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రమున ఈ యస్థిపంజరము నిలుపబడినది. తల మాత్రము యామన్‌పల్లి నేలలో దొరకినది కాదు.