కాగితపు రూపాయికి కాపలా

పాఠ్యభాగ పరిచయం

ధనం ఒక నమ్మకం. లోహపు నాణేనికి తనదైన విలువ కొంత ఉంటుంది. కాగితపు నోటుకు అటువంటి విలువ లేదు. దానిని జారీ చేసిన వారి మాట మీద ప్రజలకు గల విశ్వాసమే దాని విలువ. ఆ విశ్వాసాన్ని దొంగనోటు దెబ్బతీస్తుంది. పందొమ్మిదవ శతాబ్దంలో నోట్ల ముద్రాపకులు ఆ విశ్వాసాన్ని ఏ విధంగా కాపాడారో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

కోనసీమకు నోటు వచ్చిన కాలం

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ వెలసిన సస్యశ్యామల సీమ కోనసీమ. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ప్రారంభమైన ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. వైనతేయ పాయ మీద గన్నవరం వద్ద కట్టిన అక్విడెక్టు గోదావరి నీటిని రాజోలు ప్రాంతపు నగరం లంకకు చేర్చింది. కొత్తపేట, అమలాపురం, రాజోలు ప్రాంతాలలో వరిసాగు విస్తరించింది. ఆ కాలువలే రహదారులు కూడా అయ్యాయి. ధాన్యం, కొబ్బరికాయలు నింపుకున్న పడవలు వాటి మీదుగా సాగేవి. వర్తకానికి కాకినాడ రేవు ప్రధాన కేంద్రమైంది.

వర్తకం పెరిగితే ధనం చేతులు మారడం కూడా పెరుగుతుంది. ఆనాటి వెండి రూపాయి ఒక తులం తూగేది. వేయి రూపాయలు మోయాలంటే పదకొండున్నర కిలోలకు పైగా బరువు. అంత వెండిని పడవ మీద రాత్రివేళ తీసుకొనిపోవడం ప్రాణాపాయంతో కూడిన పని. ఆ బరువును తగ్గించగలిగినది కాగితపు నోటు.

1843లో స్థాపితమైన మద్రాసు బ్యాంకు వంటి ప్రెసిడెన్సీ బ్యాంకులు తొలుత నోట్లు జారీ చేసేవి. 1861 నాటి కాగితపు ద్రవ్య చట్టం ఆ అధికారాన్ని ప్రభుత్వానికే ప్రత్యేకించింది. 1862 మార్చి 1 నుంచి ఆ చట్టం అమలులోకి వచ్చింది. దేశాన్ని ద్రవ్య వలయాలుగా విభజించి, ఒక వలయంలో జారీ అయిన నోటు ఆ వలయంలోనే చెల్లుతుందని నిర్ణయించారు. తెలుగు కోస్తా ప్రాంతం మద్రాసు వలయంలో చేరింది. విశాఖపట్టణం, కాకినాడ పట్టణాలకు ఉపవలయ స్థాయి దక్కింది.

వెండి రూపాయిని రైతు రాతి మీద మోగించి పరీక్షించగలడు. కంచు మ్రోగినట్లు కనకము మ్రోగదని ఎరిగినవాడు కదా! మరి కాగితాన్ని మోగించి చూడడం ఎలా? దొంగనోటుకు ప్రభుత్వం బదులు ఇవ్వదు. అది చివరకు ఎవరి చేతిలో ఉంటే వారిదే నష్టం. ఏడాది పొడవునా శ్రమించి పండించిన ధాన్యాన్ని అమ్మి దొంగనోట్లు తీసుకున్న రైతు శిస్తు చెల్లించలేడు, అప్పు తీర్చలేడు. అందుచేత నోటును పరీక్షించే సాధనాలను నోటులోనే అమర్చవలసిన బాధ్యత ముద్రాపకుల మీద పడింది.

ఇంగ్లండు నేర్పిన గుణపాఠం

ఈ బాధ్యతను విస్మరిస్తే ఏమవుతుందో ఇంగ్లండు చరిత్ర చెబుతుంది. ఫ్రాన్సుతో యుద్ధం కారణంగా 1797లో ఇంగ్లండు బ్యాంకు నోట్లకు బదులుగా బంగారం ఇవ్వడం నిలిపివేసింది. ఒకటి, రెండు పౌనుల చిన్న నోట్లను విరివిగా జారీ చేసింది. అవి నల్లసిరాతో ఒకే పక్క ముద్రించిన సాదా నోట్లు. అంతకు మునుపు నోటును ఎరుగని నిరుపేదల చేతికి కూడా అవి వచ్చాయి. వాటిని అనుకరించడం సామాన్య శిల్పికి సైతం సాధ్యమైంది. బ్యాంకు తన నోటును మెరుగుపరచడానికి బదులు దండన మీద ఆధారపడింది. 1821 వరకు సాగిన ఆ కాలంలో దొంగనోట్ల నేరానికి మూడు వందల మందికి పైగా ఉరికంబం ఎక్కారు. ఉరి తీయబడిన వారిలో స్త్రీలు కూడా ఉన్నారు.

ఈ దారుణాన్ని నిరసిస్తూ జార్జి క్రూక్‌షాంక్ అనే చిత్రకారుడు 1819లో ఒక పరిహాసపు నోటును గీశాడు. అందులో వరుసగా వేలాడుతున్న మనుషులను చూపాడు. అది లండను నగరంలో సంచలనం కలిగించింది. మనుషులను ఉరి తీయడం కంటె అనుకరణకు లొంగని నోటును తయారు చేయడమే మేలన్న ఆలోచన బలపడింది.

కాగితంలో దాగిన రహస్యం

మొదటి కాపలాదారు కాగితమే. ఇంగ్లండులో హాంప్‌షైర్ ప్రాంతపు లేవర్‌స్టోక్ మిల్లులో పోర్టల్ కుటుంబం 1724 నుంచి ఇంగ్లండు బ్యాంకుకు కాగితం తయారు చేసి ఇచ్చేది. మన దేశపు తొలి ప్రభుత్వ నోట్లకు కూడా కాగితం అక్కడి నుంచే వచ్చింది. నార, నూలు గుడ్డ పేలికలను నానబెట్టి, గుజ్జుగా నలిపి, చేతి అచ్చులతో ఒక్కొక్క తావును ఎత్తేవారు. ఈ కాగితం పలుచగా, గట్టిగా ఉండి వేళ్ల మధ్య పెళపెళలాడేది. చదువు రాని వాడైనా స్పర్శతో దానిని గుర్తుపట్టగలడు.

అచ్చు అడుగున తీగలతో అక్షరాలను, గీతలను కుట్టేవారు. గుజ్జు దాని మీద పరుచుకున్నప్పుడు తీగ ఉన్నచోట పొర పలుచనవుతుంది. ఆరిన కాగితాన్ని వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే ఆ గీతలు కాంతిమంతంగా కనిపిస్తాయి. ఇదే నీటిగుర్తు. సిరాతో వేసిన గుర్తును సిరాతో అనుకరించవచ్చు. కాగితం పుట్టుకలోనే కలిసిపోయిన గుర్తును తేవాలంటే దొంగ సైతం కాగితపు మిల్లు పెట్టవలసిందే. ఇంగ్లండు బ్యాంకు 1801లో అలల వంటి గీతలను నీటిగుర్తులో ప్రవేశపెట్టింది. తిన్నని తీగ కంటె వంకర తీగను అమర్చడం కష్టం కదా! మన తొలి నోట్లలో కూడా ఈ అలల గీతలు ఉండేవి.

ఉక్కు పలక, యంత్రపు గీత

రెండవ కాపలాదారు చెక్కడపు పని. మునుపు నోట్లను రాగి పలకల మీద చెక్కి ముద్రించేవారు. రాగి మెత్తని లోహం. కొన్ని వేల ప్రతులకే పలక అరిగిపోయేది. మరల చెక్కిన పలక మొదటిదాని వలె ఉండేది కాదు. అసలు నోట్లే ఒకదానికొకటి భిన్నంగా ఉంటే, దొంగనోటులోని తేడాను పట్టుకునేది ఎవరు?

అమెరికా దేశస్థుడైన జేకబ్ పెర్కిన్స్ ఈ చిక్కును విప్పాడు. మెత్తబరచిన ఉక్కు పలక మీద బొమ్మను చెక్కి, ఆ పలకను కాల్చి గట్టిపరిచేవాడు. మెత్తని ఉక్కు రూళ్లను దాని మీద బలంగా దొర్లించి బొమ్మను ఎక్కించేవాడు. ఆ రూళ్లను సైతం గట్టిపరిచి, దానితో ఎన్ని పలకలనైనా అచ్చు గుద్దినట్లు తయారు చేసేవాడు. లక్షవ నోటు కూడా మొదటి నోటు వలెనే ఉండసాగింది. 1819లో అతడు ఇంగ్లండు చేరాడు. 1840లో వెలువడిన ప్రపంచపు తొలి తపాలా బిళ్ల ఈ పద్ధతిలోనే తయారైంది.

ఏసా స్పెన్సర్ రూపొందించిన రేఖాగణిత యంత్రం కూడా ఈ కాలంలోనే ప్రచారంలోకి వచ్చింది. చక్రాల అమరికను బట్టి అది ముగ్గుల వలె అల్లుకుపోయే సన్నని గీతలను గీస్తుంది. ఒక పల్లు మారితే అల్లిక మొత్తం మారుతుంది. చేతితో దానిని అనుకరించబోయిన వానికి ఎక్కడో ఒకచోట గీత తెగక తప్పదు. ఇక మనిషి ముఖచిత్రానిది మరొక ప్రయోజనం. ముఖాలను గుర్తుపట్టడంలో మానవుని కన్ను ఆరితేరినది. పెదవి వంపు కొంచెం మారినా అది పసిగడుతుంది. 1860లలో వెలువడిన మన తొలి ప్రభుత్వ నోట్ల మీద విక్టోరియా రాణి చిత్రం ఉండేది.

ఛాయాచిత్రంతో పోరాటం

తాడిని తన్నేవాడు ఒకడుంటే వాడి తల దన్నేవాడు మరొకడుంటాడు. 1839లో ఛాయాచిత్రణం లోకానికి వెల్లడైంది. చేతికి లొంగని సూక్ష్మరేఖలు కెమెరాకు లొంగాయి. దీనికి విరుగుడు రంగు. ఆనాటి కెమెరా రంగులను గ్రహించలేదు. నల్లని బొమ్మ కింద మరొక రంగు పరిస్తే రెండూ కలగాపులగంగా పడేవి. అయితే దొంగలు రంగును మందులతో కడిగివేసి, మిగిలిన నలుపును మాత్రమే ఛాయాచిత్రం తీయడం నేర్చారు. అప్పుడు కెనడాలో స్టెరీ హంట్ అనే రసాయన శాస్త్రవేత్త 1857 ప్రాంతంలో సులభంగా చెరగని క్రోమియం ఆకుపచ్చ సిరాను రూపొందించాడు. 1861లో అమెరికా ప్రభుత్వం వెలువరించిన నోట్లకు ఆ రంగే పేరు తెచ్చింది.

మన దేశంలోనూ రాణి చిత్రపు నోట్లకు దొంగనోట్ల బెడద ఎక్కువైంది. ప్రభుత్వం వాటిని ఉపసంహరించి, 1867 నుంచి అడుగున రంగు ముద్రణ గల కొత్త నోట్లను ప్రవేశపెట్టింది. యంత్రపు అల్లికలు, అలల నీటిగుర్తు, రంగు ఈ నోట్లలో ఒకచోట చేరాయి. తొలుత వచ్చిన ఆకుపచ్చ నోట్ల మీద విలువను నాలుగు భాషలలోను, తరువాత వచ్చిన ఎర్ర నోట్ల మీద ఎనిమిది భాషలలోను ముద్రించారు. ఆ ఎనిమిదింటిలో తెలుగు ఒకటి. భాషల వలన ఇంగ్లీషు రాని రైతు సైతం విలువను స్వయంగా చదువుకోగలిగాడు. పదిని వందగా దిద్దదలచిన మోసగానికి అన్ని లిపులను దిద్దవలసిన కష్టం ఏర్పడింది.

సంఖ్య, సంతకం, శిక్ష

ప్రతి నోటుకు ఒక సంఖ్య, సంతకం ఉండేవి. సంఖ్యను కార్యాలయపు చిట్టాలో నమోదు చేసేవారు. వర్తకులు దీనిని మరొక విధంగా ఉపయోగించుకున్నారు. దూరప్రాంతానికి సొమ్ము పంపదలచినప్పుడు నోటును రెండుగా కత్తిరించి, ఒక సగాన్ని తపాలాలో పంపేవారు. అది చేరినట్లు జాబు అందిన పిదప రెండవ సగాన్ని పంపేవారు. దారిలో ఒక సగం దొంగల పాలైనా అది వారికి కొరగాదు.

చట్టం కూడా పదును తేలింది. నోట్ల ఫోర్జరీని ప్రత్యేక నేరంగా పరిగణించే 489-ఎ మొదలైన సెక్షన్లను 1899లో భారత శిక్షాస్మృతిలో చేర్చారు. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చే వరకు అవి కొనసాగాయి.

ముగింపు

1903-1911 సంవత్సరాల మధ్య ఐదు, పది, యాభై, వంద రూపాయల నోట్లకు వలయపు ఎల్లలు తొలగిపోయాయి. 1928 నుంచి నాసిక్‌లో మన నోట్ల ముద్రణ మొదలైంది. నీటిగుర్తు, ముఖచిత్రం, సూక్ష్మరేఖలు, వరుస సంఖ్య, పలు భాషల పట్టిక నేటి నోటులో కూడా ఉన్నాయి. అయితే ఎంతటి కాపలా అయినా నోటు పుచ్చుకునే వ్యక్తి కన్ను తెరిచి చూసినప్పుడే సార్థకమవుతుంది. వెండి రూపాయిని మోగించి చూసిన నాటి రైతు జాగ్రత్త నేటి పౌరునికి కూడా అవసరమే.

కఠిన పదాలకు అర్థాలు

సస్యశ్యామలం = పైరు పచ్చలతో నిండినది
శిస్తు = భూమి పన్ను
తావు = కాగితపు షీటు
ఉపసంహరించు = వెనుకకు తీసుకొను
సార్థకం = ప్రయోజనం కలది

ప్రశ్నలు

1. నీటిగుర్తును ఏ విధంగా తయారు చేసేవారు? దానిని అనుకరించడం ఎందుకు కష్టం?
2. రాగి పలకల వలన కలిగిన చిక్కును పెర్కిన్స్ ఎలా పరిష్కరించాడు?
3. నోటు మీద పలు భాషలలో విలువను ముద్రించడం వలన కలిగిన ప్రయోజనాలేవి?
4. “దండన కంటె నివారణ మేలు” – ఇంగ్లండు అనుభవం ఆధారంగా చర్చించండి.